తాహిర్ బట్టీలో గంధపు నూనె

పేరు తాహిర్. వయస్సు యాభై రెండు. నివాసము పురానాపూల్ దగ్గర. ఇతనిని నేను పందొమ్మిది సంవత్సరములుగా ఎరుగుదును. అందులో పదిహేడు అత్తరు వాసనతో, తక్కినవి చేపల కంపుతో గడచినవి. గ్యాసు శుద్ధి కర్మాగారము మేనేజరు గారికి ఇతని తరఫున ఈ మనవి వ్రాయుచున్నాను.

ఇతని వంశమంతా గులాబీలను మరిగించి, ఆవిరి పట్టి అత్తరు దించినవారే. పట్నము వారికి బుస్సుమని కొట్టుకొను సెంటు మీద మోజు పుట్టిన తరువాత బట్టీ చల్లారినది. భూమిలోనుండి వచ్చు గ్యాసులోని కుళ్ళు వాయువులను తాము అమైన్ అను ద్రావకముతో కడుగుదురు. కడిగి కడిగి అదియే నల్లబడును. అట్టి నల్ల ద్రావకము నింపిన పీపాలకు తాము రేకుల షెడ్డు వేయించి, చాలాకాలము అతిథులవలె చూచుకొన్నారు. సోడా కలిపి మరిగించినచో శుద్ధ ద్రావకము ఆవిరియై తిరిగి చేతికి వచ్చునని, మడ్డి అడుగున మిగులునని తెలిసిన పిమ్మట, తాహిర్ జ్ఞాపకమునకు వచ్చినాడు. అత్తరు దించు రాగి పాత్రలు ఇందుకు పనికిరావని తాము చెప్పగా ఇనుప పాత్రలు చేయించుకొన్నాడు.

మూడు తరములు గులాబీ వాసనను ఉచితముగా పీల్చిన గల్లీవారు ఒక్కనాడును మెచ్చుకొన్నవారు కారు. అమైన్ మరిగిన మొదటి దినముననే పొరుగింటి నీలమ్మ వచ్చి నిలబడినది.

"ఏం తాహిర్ భాయ్, గల్లీని చేపల బజార్ చేసినవ్ గద."

"వాసనే గదమ్మా. ముండ్లు లేవు, ఫికర్ చెయ్యకు."

"మా పిల్లి పొద్దటి సంది నీ గోడ దిగుతలేదు. దానికి చెప్పు జవాబు."

అత్తరు ఇండ్లలో ఒక ఆచారమున్నది. ఆవిరి చల్లారి దిగు గిన్నెను ఖాళీగా పెట్టరు, అందులో కొంత గంధపు నూనె పోసియే పెట్టుదురు. తాహిర్ చేయి ఎవరినీ అడుగక అమైన్ గిన్నెలోను పోసినది. ఆ నూనె గ్యాసును కడుగు తమ గోపురములో ద్రావకమును సబ్బునీళ్ళవలె నురుగెత్తించగా, గ్యాసు నిలిచిపోయినది. ద్రావకము గంధము వాసన వచ్చుచున్నదని గోపురము వద్ద అందరికీ ముందే తెలియునట. మేలు రకము సరకని సంతోషించినారట.

తమ ఇంజనీరు వెంకటనారాయణ గారు విచారణకు వచ్చినప్పుడు నేను అక్కడనే ఉన్నాను.

"నూనె ఎందుకు పోసినవ్ మియా?"

"ఖాళీ గిన్నె ఎట్ల పెడ్త సాబ్? అబ్బాజాన్ కొడ్తడు."

"ఆయన పోయి ఎన్నో ఏండ్లాయె గద."

"అయితే ఏంది? కొట్టేటోడు కొడ్తడు."

ఈ సమాధానము ఇంజనీరు గారికి రుచింపలేదు. పని నిలిపివేసినారు, పీపాలను వాపసు తెమ్మన్నారు. అత్తరు కొనువారు లేరు, అమైన్ ఇచ్చువారు లేరు. ఇతనికి మరియొక విద్య రాదు, నేర్చుకొను వయస్సును కాదు.

ఇతని భార్య కుల్సుమ్ ఆ గిన్నెను బూడిదతో తోమి, ఎండలో బోర్లించి, కాపలా కూర్చున్నది.

"ఇగ గిన్నె నేనే పెడ్త, నువ్వు మంట చూస్కో. గంధం పొయ్యాల్నంటే నీ అంగీ మీద పోస్కో," అన్నది.

అతడు ఆ మాట నిజమని పట్టుకొన్నాడు. చల్లారిన బట్టీ ముందర కూర్చుని, ప్రతి ఉదయము అంగీ చేతి మీద ఒక చుక్క వేసుకొనుచున్నాడు. ఆచారము నెరవేరుచున్నది, తమ గోపురమునకు నురుగు భయము లేదు.

కావున, నూనె చేరిన పీపాలలో ఒక్కదానిని బొగ్గు గుండా వడగట్టి తిరిగి మరిగించుటకు తాహిర్‌కు అనుమతి ఇప్పించవలెననియు, గిన్నెను కుల్సుమ్ చేతనే పెట్టించవలెననియు, ఆ సరకు నురుగు లేక నిలిచినచో పని మరల అప్పగించవలెననియు సవినయముగా ప్రార్థించుచున్నాను.