చూపిస్తే చాలన్న తుపాకి

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుళ్ల పటాలూ తుపాకీ ఒకే గోడకు వేలాడేవి. రెండు గొట్టాల తుపాకి అది. తాతయ్య పోయాక లైసెన్సు మా బాపు పేరుకు మారింది. రావల్కోల్ ఊరికి అవతల, ద్రాక్షతోట మధ్యలో మా ఇల్లు. పండు తీపెక్కే రోజుల్లో చిలకలు గుంపులు గుంపులుగా దిగేవి. బాపు గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి ఒక్కసారి పేల్చితే తోటంతా ఖాళీ అయ్యేది. తుపాకికి అంతకు మించి ఇంకో పని ఉంటుందని నాకు తెలియదు. అది పేలిన ప్రతిసారీ మా అమ్మ వంటింట్లో చెవులు మూసుకుని, నోరులేని జీవాలంటూ గొణుక్కునేది. బల్లి కిందపడినా ఉలిక్కిపడే మనిషి ఆమె.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు శామీర్‌పేట వైపు ఒక బావి దగ్గరి ఇంట్లో దొంగలు పడ్డారు. పట్టపగలు, పోలీసుల బట్టల్లో వచ్చారు. తలాషీ చేయాలి, ఇల్లు వెతకాలి అని తలుపు తీయించారట. ఒంటరిగా ఉన్న ముసలామెను మంచానికి కట్టేసి, చెవులు తెగేలా కమ్మలు లాక్కుపోయారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి అమ్మకు అన్నం సహించలేదు. పండ్ల కాలం కావడంతో బాపు తెల్లవారగానే గంపలతో పట్నం మార్కెట్టుకు పోయేవాడు, తిరిగి వచ్చేసరికి పొద్దు వాలేది. అంతసేపూ ఇంట్లో అమ్మ, ఎనిమిదేళ్ల నేను, పాలు తాగే తమ్ముడు.

బాపు తనకు తోచిన ఉపాయం చేశాడు. ఒక సాయంత్రం అమ్మను వాకిట్లో నిలబెట్టి తుపాకి ఎలా పట్టుకోవాలో, తూటాలు ఎలా వేయాలో నేర్పాడు. ఆమె దాన్ని పామును పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుంటే నవ్వాడు.

"కాల్చేది ఏం లేదు. ఎత్తి చూపిస్తే చాలు, ఎసుంటోడన్న ఉరుకుతడు" అన్నాడు.

ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. ఊరికే చూపించడానికైతే తూటాలు వేయడం ఎందుకు నేర్పినట్టు? బాపు చెడ్డవాడు కాదు, మమ్మల్ని కాపాడుకోవాలన్న ఆరాటమే ఆయనది. కానీ భయపడ్డ మనిషి చేతిలో తుపాకి పెట్టినంత మాత్రాన భయం పోదని, అది ఇంకెవరి మీదనో పడుతుందని ఆయనకు తట్టలేదు. అమ్మ కూడా ఎదురు చెప్పలేదు. ఆ రోజుల్లో ఆమె ఎవరికీ ఎదురు చెప్పేది కాదు.

ఇక మా మేనమామ గురించి చెప్పాలి. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మేడ్చల్‌లో ఉండేవాడు. ఎవరినో ఒకరిని ఉడికించకపోతే అతనికి పూట గడవదు. ఒకసారి అన్నం గిన్నెలో కప్పను పెట్టి మూత వేశాడు. ఇంకోసారి బాపుకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, అమ్మను సగం దారి పరిగెత్తించి నవ్వాడు. అమ్మ నోరారా తిట్టేది, తిట్టినంతసేపూ అతనికి ఇష్టమని సకినాలు వేయించేది. వాకిట్లో అతని సైకిల్ గంట వినిపిస్తే మాకు పండగ. నేనైతే అతను వెళ్లిపోయేదాకా తోకలా వెనకే తిరిగేదాన్ని.

మా వైపు ప్రతి ఎండాకాలం పగటి వేషాలవాళ్లు వచ్చేవారు. కొన్నాళ్లు ఊళ్లో మకాం పెట్టి, రోజుకో వేషంతో ఇంటింటికీ తిరిగేవారు. ఒకనాడు శివుడు, ఒకనాడు పంతులు, ఒకనాడు పోలీసు జవాను. జవాను వేషం అంటే అందరికీ సరదా. లాఠీ ఆడిస్తూ వచ్చి, ఉన్నవీ లేనివీ నేరాలు మోపి, ఇంటివాళ్లు బాగా కంగారుపడ్డాక పెట్టుడు మీసం పీకి దండం పెట్టేవాడు. వచ్చిన రోజే ఊరి పెద్దలకు చెప్పుకునేవారు కాబట్టి, వాళ్లెవరో ఊరంతటికీ ఎరుకే. ఆ ఏడు మాత్రం వాళ్లు దిగిన సంగతి తోటలో ఉన్న మాకు ఇంకా చేరలేదు. మామకు చేరింది. రోడ్డు మీద చాయ్ హోటల్లో ఆ జవాను వేషగాణ్ని పట్టుకుని, మా అక్క ఇల్లు ఫలానా, ముందు నువ్వు పోయి తలాషీ అను, వెనక నేనొస్తా అని ఒప్పించాడు. వేషగాడు పై ఊరివాడు, అతనికి శామీర్‌పేట దొంగల సంగతి తెలియదు. మామకు తెలుసు. తెలిసే, అందుకే ఇంకా మజా వస్తుందనుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ తమ్ముణ్ని ఉయ్యాలలో వేసి ఊపుతోంది. వాకిట్లో బూట్ల చప్పుడైంది.

"ఇంట్ల ఎవలున్నరు? తలుపు తియ్యుండ్రి. తలాషీ చెయ్యాలె" అని గద్దించాడు ఎవరో.

తలాషీ అన్న మాటకు అమ్మ ముఖం పాలిపోయింది. కిటికీ సందులోంచి చూస్తే కాకీ బట్టలు, లాఠీ కనిపించాయి. నా నోరు మూసి తన వెనక్కి లాక్కుంది. బాపు నేర్పినవన్నీ చేతులకు గుర్తున్నాయి కాబోలు, తుపాకి దింపింది, తూటాలు వేసింది, కిటికీ రెక్క తోసి చువ్వల మధ్య నుంచి గొట్టాన్ని బయట పెట్టింది. ఆమె కొంగు పట్టుకుని నేను పక్క నుంచి తొంగిచూస్తున్నాను. నవ్వించడానికి వచ్చిన ఆ మనిషి నోట్లో మాట సగంలో ఆగిపోయింది.

"అమ్మా, కాల్చకుండ్రి. నేను పోలీసోన్ని గాదు, పగటేషాలోన్ని. మీ తమ్ముడే తోలిండు" అన్నాడు.

"మా తమ్ముడు మేడ్చల్‌ల ఉన్నడు. అబద్ధాలాడకు" అంది అమ్మ. అది ఆమె గొంతులాగే లేదు. దొంగలు చుట్టాల పేర్లు కూడా కనుక్కుని వస్తున్నారని ఊళ్లో చెప్పుకుంటున్న రోజులవి.

అతను పరిగెత్తలేదు. పరిగెత్తితే కాల్చేదాన్నేమో అని అమ్మే తర్వాత చెప్పింది. దగ్గరికీ రాలేదు. లాఠీని దూరంగా విసిరి, ఆ ఎండలో నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఎత్తి చూపించాడు. తర్వాత నెమ్మదిగా టోపీ తీసి కింద పెట్టాడు. మీసం పీకాడు. చొక్కా గుండీలు విప్పసాగాడు. విప్పుతూ తన పేరు చెప్పాడు, ఊరి పేరు చెప్పాడు, తల్లి పేరు, బిడ్డల పేర్లు చెప్పాడు. గొంతు పెంచలేదు. చొక్కా తీసేసరికి కాకీ బట్టల్లోంచి పక్కటెముకలు కనిపించే బక్క మనిషి బయటపడ్డాడు. ముఖానికి పూసుకున్న రంగు చెమటకు కరిగి మెడ మీదికి కారుతోంది. అమ్మ చేతుల్లో గొట్టం మెల్లగా కిందికి వంగింది. ఆమె ఊపిరి మళ్లీ మామూలు కావడం నాకు వినిపించింది.

సరిగ్గా అప్పుడే మా మామ పశువుల కొట్టం చాటు నుంచి, ముఖానికి తువ్వాల చుట్టుకుని, ఒక కట్టె ఎత్తి పట్టుకుని, పట్టుకోండ్రి అని అరుస్తూ కిటికీ ముందుకు దూకాడు. కొట్టం వెనక ఉన్న అతనికి తుపాకి కనబడలేదు, మాటలూ సరిగా వినబడలేదు. ఆట చప్పబడుతోందని మాత్రం అనుకున్నాడట.

తుపాకి పేలింది. ఉయ్యాలలో తమ్ముడు గుక్కపట్టాడు. పొగ పలచబడ్డాక మామ కనిపించాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దానివంకే చూస్తున్నాడు. తువ్వాల జారి మెడలో పడింది.

"అక్కా, నేనే" అన్నాడు.

ఆ రెండు మాటలూ ముందే అని ఉంటే ఏం పోయేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

అమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. మామ చేతికి తువ్వాల బిగించి కట్టిందీ, అతణ్ని భుజాన వేసుకుని తోటలోంచి పెద్దరోడ్డు దాకా మోసిందీ ఆ వేషగాడే. నెత్తురు చూసి ఏ బండీ ఆగలేదట. అప్పుడు అతను మామను చెట్టు నీడన కూర్చోబెట్టి, చంకలో పెట్టుకుని తెచ్చిన కాకీ చొక్కా, టోపీ మళ్లీ తొడుక్కున్నాడు. రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తి ఒక్క కేక వేశాడు. వస్తున్న లారీ కిర్రున ఆగింది. ఆ వేషం మామ ప్రాణం నిలిపింది. పట్నం దవాఖానలో అదే వేషం వేషగాణ్ని పట్టించింది. తుపాకి గాయమైన మనిషితో వచ్చిన దొంగ పోలీసును ఎవరు వదులుతారు? అతణ్ని తీసుకువచ్చి ఠాణాలో కూర్చోబెట్టారు. దవాఖానలో డాక్టర్లు మామ కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు. జ్వరం మత్తులో అతను మాట్లాడే స్థితిలో లేడు.

మర్నాడు మా వాకిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. అమ్మ మీద కేసు రాకుండా ఎలా అన్నదే వాళ్ల ఆలోచన. అందరికంటే పెద్దాయన దారి చూపించాడు.

"గా యేషాలోడు దొంగతనానికే వచ్చిండందాం. వాన్ని పట్టబోయిన తమ్మునికి గురి తప్పి తాకిందందాం. పానం కాపాడుకునేతందుకు కాల్చిందంటే ఆడిబిడ్డకు ఏం గాదు. లైసెన్సు గూడ నిలవడ్తది" అన్నాడు.

ఎవరూ కాదనలేదు. ఆ మాటల్లో పెద్ద అబద్ధం ఉన్నట్టు కూడా ఎవరికీ అనిపించలేదు. దొంగలు నిజంగానే తిరుగుతున్నారు, అమ్మ నిజంగానే భయపడింది, ఊరూ పేరూ లేని ఒక వేషగాడు జైల్లో ఉంటే ఈ ఊరికి పోయేదేమిటి? బాపు తలవంచుకుని నేల గీస్తున్నాడు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అందరికీ ఇచ్చింది. ఇచ్చాక లోపలికి పోకుండా గడప దగ్గర నిలబడింది. పెద్దవాళ్ల ముందు ఆమె నోరు విప్పడం నేను చూడటం అదే మొదలు.

"ఆయన నా ముంగట చేతులు చూపెట్టుకుంట కూసున్నడు. బిడ్డల పేర్లు గూడ చెప్పిండు. నేను బయటపడేతందుకు ఆ బిడ్డల్ని ఆగం చేస్తనా?" అంది.

ఎవరో సర్దిచెప్పబోయారు. అమ్మ వినిపించుకోలేదు. కొంగు దోపుకుని నా చెయ్యి పట్టుకుంది. బాపు లేచి బండి కట్టాడు.

ఠాణాలో అధికారి అమ్మను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. బాపు నేర్పిన సంగతి, తాను గొట్టం దించిన సంగతి, తమ్ముడని తెలియక కాల్చిన సంగతి, ఏదీ దాచలేదు. నన్ను అడిగితే, మీసం పీకిండు సార్, చొక్కా గూడ ఇప్పిండు అని చెప్పాను. ఆయన అమ్మ వైపు తిరిగి, నీకు మేలు చేసే మాటే అడుగుతున్నా, భయపడి కాల్చావా లేదా అన్నాడు.

"భయపడ్డ సార్. భయం నిజమే. దొంగ మాత్రం లేడు" అంది అమ్మ.

మామకు తెలివి వచ్చాక అతనూ అదే చెప్పాడు. వేషగాణ్ని వదిలేశారు. తుపాకి ఠాణాలోనే ఉండిపోయింది, లైసెన్సు పోయింది. అమ్మ మీద కేసును చాలాకాలం నడిచాక కొట్టేశారు గానీ, ఆమె మాత్రం తనను తాను వదిలిపెట్టలేదు. చిలకల్ని తోలడానికి తోటలో ఎక్కడైనా డబ్బా మోగించినా వంటగదిలో ఆమె చేతుల్లోంచి గిన్నె జారేది. రాఖీ పున్నం వస్తే మామ ఆ కుడిచెయ్యే చాపేవాడు. అమ్మ ముడి వేస్తూ ముఖం పక్కకు తిప్పుకునేది. అతను నవ్వించడానికి చూసేవాడు, మాకు నవ్వు వచ్చేది కాదు. అతణ్ని నేను ప్రేమించడం మానలేదు, క్షమించడం మాత్రం పూర్తిగా చేతకాలేదు.

విడుదలైన రోజు ఆ వేషగాడు మా ఇంటికి వచ్చాడు. తోట మొదట్లోనే ఆగి, తన పేరు గట్టిగా చెప్పి, అమ్మ బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. అమ్మ అన్నం పెట్టింది. తింటూ, ఆ చొక్కాను ఎవరికో ఇచ్చేశానని చెప్పాడు. మూడుపూటలా అన్నం పెట్టే వేషమే గానీ, తలుపు అవతల ఉన్నవాళ్ల మనసులో ఏముందో తెలియకుండా వేసేది కాదని ఇప్పుడు తెలిసిందన్నాడు. పోయేముందు నా తల మీద చెయ్యి పెట్టాడు.

"భయపడ్డోళ్ల ముంగట నవ్వద్దు బిడ్డా. ముందుగాల పేరు చెప్పాలె" అన్నాడు.

ఆ తోట ఇప్పుడు ప్లాట్లయింది. నేను నాగారంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఎవరింటికి పోయినా గేటు బయటి నుంచే నేనొచ్చానని పేరు చెప్పి పిలుస్తాను. గంట ఉంది కదా, కెమెరాలో కనబడతావు కదా అని పిల్లలు ఆటపట్టిస్తారు. పట్టించనీ.

మొన్న నా మనవడు, తనూ దోస్తులూ కలిసి తీసిన వీడియో నాకు చూపించాడు. ముసుగులు వేసుకుని శామీర్‌పేట రోడ్డు పక్కన పుచ్చకాయలు అమ్మే మనిషి మీదికి వెనకనుంచి కేకలు పెడుతూ దూకారు. అతను ఎగిరిపడ్డాడు, వీళ్లు పగలబడి నవ్వారు. ఇంట్లో అందరూ నవ్వారు. మళ్లీ పెట్టమన్నాను. నాకు నచ్చిందనుకుని సంబరంగా పెట్టాడు. ఆపమన్నచోట ఆపాడు. కాయ కోస్తున్న కత్తి ఆ మనిషి చేతిలో పైకి లేచి ఉంది. ముసుగు పిల్లవాడి మెడకు అది జానెడు దూరంలో ఉంది. అంతవరకూ ఎవరూ ఆ చెయ్యి చూడలేదు. ఎక్కడ ఏ తమాషా చూసినా నేను ముందు చూసేది భయపడ్డవాళ్ల చేతులనే.

మనవడు నా ముఖం చూసి నవ్వు ఆపాడు. ఎవరి చెయ్యో అలా చూస్తున్నావేంది అమ్మమ్మా అని అడిగాడు.

"ఇది మీ ముత్తవ్వ చెయ్యి బిడ్డా" అన్నాను.