ఒడి నేర్చిన కుక్క

కుక్కకు నేర్పుడంటె కొట్టుడే అని మా వాడకట్టంత అనుకుంటుండె. నేను సుత గట్లనే అనుకున్న. అది తప్పని నాకు ఎట్ల తెలిసిందో చెప్త.

నా పెనిమిటి పోయినంక రెండు పనులు పట్టుకున్న. పొద్దుగాల క్రైస్తవ మిషనోళ్ల దవఖానల ఊడ్సుడు, తుడుసుడు, బట్టలు పిండుడు. పగటి బువ్వ తిన్నంక ఇంటి ముందట నలుగురు ఆడోళ్లతోని కూసోని బీడీలు చేసుడు. మా నిర్మల్ దిక్కు మా అసొంటోళ్ల ఇండ్లల్ల గదే బతుకు. ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు, చేతుల కత్తెర.

కుక్క నాకు పత్తి మిల్లు ఎనుక దొరికింది. అరచేతిల పట్టేటంత పిల్ల, ఎర్రగ ఉండె. పేరు పెట్టలే. దా అంటె వస్తుండె, పో అంటె పోతుండె, ఇంకేం పేరు కావాలె. అది పెద్దగయినంక నా ఎనుకనే దవఖానకు వచ్చి, నేను బయటికొచ్చేదాక వార్డు కిటికి కింద పండుకుంటుండె.

గా వార్డుల ఒక పిల్ల ఉండె. తొమ్మిదో పదో ఏండ్లది. భైంసా అవతలి ఊరు, తెలుగుల సగం మరాఠీ కలిపి మాట్లాడేది, నన్ను ఆజీ, అంటె అవ్వ, అని పిలిచేది. గంజి వంచేటప్పుడు కుండ జారి కుడిచెయ్యి మీద పడ్డదట. పుండు మానింది గని మోచేతి కాడ తోలు బిగిసి, చెయ్యి మడిసింది మడిసినట్టే ఉండిపోయింది. రోజు చాపాలె, చాపితెనే తోలు సాగుతది. నర్సమ్మ ఆ చెయ్యి ముట్టుకుంటె చాలు, ఆ పిల్ల నాలుగు వార్డులకు ఇనొచ్చేటట్టు ఒర్రుతుండె. ఇంకో నెల గిట్లనే ఉంటె ఆ చెయ్యి ఇగ ఎన్నటికి రాదని డాక్టరమ్మ పిల్ల తల్లికి చెప్పింది. తల్లి పత్తి ఏరే మనిషి. కుడిచెయ్యి లేకుంటె నా బిడ్డ ఏం చేసుకోని బతుకుతది అని గోడ దిక్కు తిరిగి ఏడ్సింది. నేను పక్కనే తుడుస్తున్న, తుడుసుడు ఆపలే గని అన్నీ ఇన్న.

రెండు రోజులయినంక ఒక సంగతి సూసిన. ఆ పిల్ల మంచం మీద నిలవడి, ఎడమచేతితోని కిటికి ఊస పట్టుకోని, ఆ కాలిన చెయ్యిని ఒర్రకుంట తనంతల తానే ఊసల సందుల నుంచి బయటికి పెడుతుంది. కింద నా కుక్క తోక ఊపుతుంది. నేను బకీటు ఆడనే ఇడిసి డాక్టరమ్మను పిలుచుకొచ్చిన.

డాక్టరమ్మ మా దిక్కామె కాదు. పుస్తకంల తెలుగు మాట్లాడేది. ఊర్లె నన్ను మీరు అనేది ఆమె ఒక్కతే. చానసేపు సూసి, కుక్కను లోపలికి తెస్తారా అని అడిగింది. మళ్ల షరతులు పెట్టింది. పసుల దవఖానల సూది ఏయించాలె. ఒంటి మీద పేన్లు, గోమార్లు ఒక్కటి ఉండొద్దు. మొరగొద్దు, ఎగరొద్దు. చంకకట్టెలతోని నడిసేటోళ్లను సూసి బెదరొద్దు. పిలిస్తె మెల్లగ పోయి ఒళ్లె తల పెట్టాలె. పది రోజులు ఇస్తానన్నది. వారం చాలన్న.

ఏపాకు నీళ్లతోని తానం పోసిన. చెవులల్లకెల్లి గోమార్లు ఒక్కొక్కటి గుంజి కిరసనాయిలుల ఏసిన. గోర్లు బండకు రాకిన. మా దిక్కు కుక్కకు కట్టె కనవడితె దెబ్బ పడ్డట్టే, అందుకని దవఖానల పాత చంకకట్టెలు రెండు అడుక్కొచ్చి దాని జొన్న గట్క గిన్నె పక్కన పెట్టిన. మొదటి నాడు తినలే. రెండో నాడు దూరంకెల్లి మెడ సాపి తిన్నది. మూడో నాడు నేనే ఆ కట్టెలు చంకల పెట్టుకోని ఆకిలంత కుంటిన. ఎదురింటామె గోడ మీదికెల్లి సూసింది.

“ఏందక్కా, కుక్కకు నౌకరి పెట్టిస్తున్నవా?”

“ఆఁ, నీ మొగనికంటె ముందు దీనికే దొరుకుతది.”

ఆమెనే ఎక్కువ నవ్వింది. వారం తిరిగేసరికి పక్కన ఇత్తడి తాంబాళం పడ్డ సుత నా కుక్క చెవి కదపలే. నాకు గర్వం లేకుండె అంటె అబద్ధం.

ఎనిమిదో నాడు వార్డుకు తోలుకపోయిన. చంకకట్టెల ముసలాయన పక్కకెల్లి పోయిండు, బెదరలే. నర్సమ్మ గిన్నె కింద పడేసింది, మొరగలే. ఆ పిల్ల మంచం మీద కూసోని దా, దా అని పిలిచింది. కుక్క నాలుగడుగులు పోయింది. మంచానికి మూరెడు దూరంల ఆగి, తోక కాళ్ల నడుమ పెట్టుకోని నేలకు కరుసుకున్నది. నేను నూకినా పోలే. పిల్ల చెయ్యి సగం లేపి మళ్ల రొమ్ముకు ముడుసుకున్నది. దీనికి మనుషులంటే భయముంది, వద్దులేమ్మా అని డాక్టరమ్మ మెల్లగనే అన్నది. మెల్లగ అన్న మాటనే ఎక్కువ తాకుతది.

ఇంటికొచ్చి బేజారుగ చాట పట్టుకున్న. తల లేపి సూస్తె కుక్క నా ముందట పండుకున్నది. మూరెడు దూరంల. రోజు ఆడనే పండుకుంటది, నేనే ఎన్నడు సూడలే. అప్పుడు యాదికొచ్చింది. పిల్లగున్నప్పుడు అది చాటల మూతి పెడితె తంబాకంత పారవొయ్యేది, కత్తెర పిడితోని ముక్కు మీద ఒక్కటి ఇచ్చేదాన్ని. నేనొక్కదాన్నే కాదు, నలుగురం ఇచ్చినం. కూసున్న ఆడిదాని ఒళ్లెకు పోవద్దని మేమే నేర్పినం. కుక్క పాఠం మర్సిపోలే, మేము మర్సిపోయినం.

తెల్లారి నుంచి చాట ముట్టలే. బీడీల కార్ఖానాల మాటలన్నరు, అననియ్యి అనుకున్న. ఒట్టి ఒడితోని ఆకిట్ల కూసోని, మొదలు గట్క ముద్ద మోకాలు పక్కన పెట్టిన, మళ్ల మోకాలు మీద, మళ్ల ఒళ్లె. మూడొద్దులకు మూతి పెట్టింది. నాలుగో నాడు తల. తల పెట్టినంక సుత కండ్లు నా చేతుల దిక్కే, కత్తెర ఏడున్నదా అని. గది సూసి రెండు అరచేతులు ఇప్పి దాని ముందట పెట్టిన.

నా ఒడి ఒక్కటి అయితె సాలదు కదా. ఆడోళ్లను అడిగిన, పొద్దుగూకంగ చాటలు పక్కన పెట్టి జరసేపు కూసోండ్రి అని. ఎదురింటామె కూసున్నది గని చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలవక పరేషాన్ అయింది. “ఒట్టి ఒడితోని కూసునుడు మాకు రాదక్కా,” అన్నది. నిజమే, మాకెవ్వలకు రాదు. అయినా నలుగురు వారం కూసున్నరు. కుక్క ఒక్కొక్కల కాడికి పోయి తల పెట్టుడు నేర్సింది.

దవఖానకు పోయి డాక్టరమ్మ ముందట నిలవడ్డ. “కుక్క తప్పు లేదమ్మా. కొట్టింది నేను. ఇంకొక్కసారి సూడు,” అన్న. సరే, తీసుకురండి అన్నది. ఈసారి పిల్లను వరండల చాప మీద కూసోపెట్టింది.

కుక్క పోయింది, ఆగింది, నన్ను సూసింది, పోయి తల పెట్టింది. అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే, ఎందుకంటె ఆ పిల్ల నిమిరేది ఎడమచేతితోని. మంచి చేతితోని నిమిరితె ఏం ఫాయిద? నేను పోయి ఆమె ఎడమ పక్కకు కూసోని ఆ చెయ్యి నా చేతుల పట్టుకున్న. కుక్కను కుడి పక్కకు, జానెడు దూరంల పండవెట్టిన. ఎంతసేపయిందో తెల్వది. ఆ కాలిన చెయ్యి రొమ్ము కాడికెల్లి కదిలింది. ఏలికొసలు కుక్క ముక్కుకు తాకినయి.

ఆ నాటి నుంచి కుక్కను రోజు రెండు వేళ్లంత దూరం జరుపుకుంట పోయిన. పిల్లకు సంగతి తెలిసింది. మరాఠీల నన్ను తిట్టింది, ఏడ్సింది, ఆజీ నువ్వు శెడ్డదానివన్నది. ఆఁ, శెడ్డదాన్నే, చెయ్యి సాపు అన్న. ఒర్రుకుంటనే సాపింది. నర్సమ్మ చేతుల ఒర్రుడు ఏరు, ఈ ఒర్రుడు ఏరు. గీ ఒర్రుడుల కోపం ఉన్నది గని భయం లేదు. డాక్టరమ్మ పెట్టిన నెల దాటినంక పిల్లను ఇంకో నెల సుత దవఖానల ఉంచుకున్నది.

పంపిచ్చే నాడు నేను, కుక్క బస్సు దాక పోయినం. బస్సు మెట్టు ఎత్తుగుండె. తల్లి ఎత్తుకోవోతె పిల్ల ఎడమచేతితోని ఆమెను పక్కకు నూకింది. కుడిచెయ్యి పైకి సాపి కడ్డీ అందుకున్నది. మోచేతి కాడ జర వంకర ఉండె. ఉండనీ, పత్తికాయ అందుతది. గట్టిగ పట్టి గుంజుకోని ఎక్కింది, కిటికి కాడ కూసున్నది, మా దిక్కు సూడనే లేదు, ఆమెకు బస్సు సంబురం.