నేను అల్లిన గాలి

తాండూరు చుట్టుపక్కల నాపరాయి తీసి వదిలేసిన గుంతలు ఎన్నో. వాననీళ్లు నిండి, పచ్చగా, కదలకుండా ఉంటాయి. మా ఊరి వెనకున్న గుంత దగ్గర ఒక గాలి తిరుగుతుందనీ, ఆడపిల్ల అటు పోతే కడుపులో దూరి కూర్చుంటుందనీ మా ఇంటి పిల్లలందరికీ తెలుసు. చెప్పింది నేనే. అక్కడ ట్రాక్టర్లు నడిపే మగపిల్లలు చేరతారు, వాళ్లతో పోవద్దు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు పోవద్దో చెప్పడం ఇంకా కష్టం. గాలి అంటే ఒక్క మాటతో పని అయిపోయేది.

మా మరిది కూతురికి పదహారేళ్లు. షేర్ ఆటోలో తాండూరు కాలేజీకి పోయి వచ్చేది. మా ఇంట్లో ముట్టయినవాళ్లు మూడు రోజులు వెనక వసారాలో చాప మీద వేరుగా కూర్చుంటారు. పిల్ల వాడిన ప్యాడ్లను పెరటి మూలలో రాళ్ల మధ్య కాల్చేది. కంది పూత మీదున్న రోజుల్లో ఆ మూల ఊడ్వబోతే బూడిద లేదు. రాళ్ల మధ్య సాలెపురుగు గూడు కట్టుకుంది. చాలా రోజుల గూడు. కానీ పిల్ల నెలనెలా చాప మీద కూర్చుంటూనే ఉంది కదా! వెనక్కి తిరిగితే, ఆ రోజు కూడా అక్కడే ఉంది. నన్నే చూస్తోంది.

మిట్టమధ్యాహ్నం. ఆకు కూడా కదలడం లేదు.

"బిడ్డా, ముట్టు గాకుండనే ఎందుకు గూసున్నవే?"

"గూసోకుంటె అమ్మకు ఎర్కైతది గదా పెద్దమ్మా."

"ఏం ఎర్కైతది?"

పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "గాలి సోకింది. గుంత కాడికి పోయిన. నాలుగు నెలలాయె. గిప్పుడు లోపల కదుల్తున్నది. జర చెవి పెట్టి ఇను, నన్ను పిలుస్తది."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నేనూ నమ్మాను. చెవి పెట్టాను కూడా. తర్వాత తేరుకున్నాను.

"ఒక్కదానివే పోయినవా?"

"ట్రాక్టరాయన తోల్కపోయిండు. లగ్గం చేసుకుంటనన్నడు. ఒక్కసారికి ఏం గాదన్నడు."

తలుపు వెనక పిల్ల తల్లి, అంటే నా తోటికోడలు, అంతా విన్నది. విన్నదాంట్లో గాలి అన్న ఒక్క మాటే ఏరుకుంది. అనంతగిరి గుట్టల అవతల ఒక మంత్రగాడున్నాడట. కడుపు మీద కాలు పెట్టి తొక్కి గాలిని వెళ్లగొడతాడట. గురువారం పోదామంది.

గురువారం పొద్దున ఆటో వాకిట్లోకి వచ్చింది.

"ఆగు చెల్లె. గాలి లేదు, ఏం లేదు. నేనే అల్లిన."

"ఇన్నేండ్ల సంది మా పిల్లలను గా గాలితోనే దడిపిచ్చి బువ్వ తినిపిస్తివి. గిప్పుడు లేదంటె పోతదా అక్కా?"

"పోదు. నీ బిడ్డకు కడుపైంది. గా మంత్రగాడు తొక్కితె పిల్ల సస్తది."

చెల్లె నవ్వింది. ఆ నవ్వు గొంతులోంచి కాదు, ఎక్కడో లోతునుంచి వచ్చినట్టుంది. "కథలు జెప్పుట్ల నిన్ను మించినోళ్లు లేరు," అంటూ పిల్లను ఆటోలోకి లాగింది. నేనూ ఎక్కాను. గుంత పక్కనుంచి పోతుంటే, ఎవరో పలకరించినట్టు పిల్ల నీళ్లవైపు తలూపింది.

రోడ్డెక్కగానే, "గుట్టల దిక్కు గాదు నాయినా, తాండూరు దవాఖానకు తోలు," అన్నాను. సస్తదన్న మాట గుర్తొచ్చిందేమో, చెల్లె పిల్ల చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పంపి పిల్లతో విడిగా మాట్లాడింది. ఒంట్లో నెత్తురు చాలా తక్కువ, తొక్కి ఉంటే దక్కేది కాదు అంది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి పోలీసులకు చెప్పక తప్పదంది. కడుపు వద్దు, చదువుకుంటానని పిల్ల తన నోటితోనే చెప్పిందట. నెత్తురు ఎక్కించి, చేయాల్సింది చేసి, పది రోజులకు పంపారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిల్ల అడగడం మొదలుపెట్టింది. ముట్టు ఎందుకొస్తుంది, కడుపు ఎట్లా వస్తుంది, రాకుండా ఏం చేయాలి. ఒక్కసారికే రావచ్చని చెప్పాను. లగ్గం మాట చెప్పి ఒంటరిగా రమ్మనేవాడి సంగతి చెప్పాను. రాకుండా ఆపేవి దవాఖానలో ఉంటాయని, అడగడానికి సిగ్గుపడొద్దని డాక్టరమ్మ చెప్పిన మాటా చెప్పాను. డ్రైవర్ పాట సౌండు పెంచాడు. నేను గొంతు పెంచాను.

చెల్లె కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డువైపు చూస్తోంది. పెద్దేముల్ దాటాక, అటే చూస్తూ అంది:

"గా మాట మళ్లొక్కపారి జెప్పక్కా. నాకు ఇనవడలే."