దానికేటి రోగం

జబ్బు ముదిరాక ఎవరినైనా నమ్మించడం తేలిక. మొదట్లోనే పట్టుకుంటే మాత్రం మన మాట ఎవరూ వినరు. ఈ సంగతి నాకు మా కుక్క వల్ల తెలిసింది. కుక్క కంటే ఎక్కువగా మా అత్తగారి వల్ల తెలిసింది.

అప్పట్లో గోపాలపట్నంలో ఉండేవాళ్లం. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. అత్తగారు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఎండుచేపలు అమ్మి కొడుకుని చదివించింది. కుక్క ఆవిడది. ఆవిడ కంచంలో చేపముక్క సగం దానికి పడాల్సిందే.

ఒక వేసవిలో అది నీళ్లు తాగే తీరు చూసి నాకు అనుమానం వచ్చింది. వీధి కుళాయి దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్లు, గిన్నె నింపడం ఆలస్యం, ఖాళీ చేసేసేది. తాగినదంతా గుమ్మంలోనే పోసేది, అదీ రంగూ వాసనా లేకుండా.

"ఎండలకి నీకు దాహమెయ్యదేటే? దానికేటి రోగం, నున్నగా ఉంటేను," అంది అత్తగారు.

మా ఆయన ఇంకా ఘనుడు. "నీల్లు తగ్గించెయ్, ఇంట్లో పొయ్యడం మానేత్తాది," అన్నాడు. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు.

పశువుల ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు గేదెల మధ్య నుంచి వచ్చి చూసి, కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో, ఉచ్చ పరీక్ష చేయించమన్నాడు. మర్నాడు పొద్దున్నే పొడుగు కాడ గరిటె పట్టుకుని దాని వెనకాల తిరిగాను. గరిటె కనబడితే చాలు, ఎత్తిన కాలు దించేసేది. "ఓలమ్మో, కుక్క ఉచ్చకి గరిటేటే!" అని వీధంతా నవ్వింది.

ఎలాగో సీసాలో పట్టి మా ఆయన చేతికిచ్చాను. మనుషుల ల్యాబులో కుక్క అంటే తీసుకోరని మా ఆయన తన పేరు రాయించాడు. అక్కడివాడు రిపోర్టు ఇస్తూ, "ఉచ్చలో ఆల్బుమిన్ పోతంది బాబూ, కిడ్నీలు జాగర్త, ఉప్పు తగ్గించండి," అన్నాడట. ఆ పూట అన్నంలోకి ఆవకాయ వద్దన్నాడు మహానుభావుడు. "జబ్బు మీకు కాదు, కుక్కకి!" అని నేను అరిస్తే గాని తేరుకోలేదు. తేరుకున్నాక జాడీ దగ్గరకి లాక్కుని, "అయితే పరవానేదు," అన్నాడు.

డాక్టరు మాత్రం సంతోషించాడు. "మంచి టైముకి తెచ్చారమ్మా. ఎండుచేప మాన్పించండి, ఉప్పు లేని అన్నం పెట్టండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉంచండి. ఇంకా చాన్నాళ్లు బతుకుతుంది."

బతికింది. అదే నా కొంప ముంచింది. చప్పిడన్నం తిని అది హుషారుగా తిరుగుతుంటే, అసలు జబ్బే లేదని అందరూ తేల్చేశారు. "జబ్బున్న కుక్క ఇలగుంటాదేటి? ఉత్తినే దాని నోరు కట్టేసినావు," అని అత్తగారు రోజూ సణిగేది. నేను రోజూ చెప్పిందే చెప్పేదాన్ని. ముదరని జబ్బుకి రుజువెక్కడి నుంచి తేను?

రెండేళ్లు పోయాక ఒకసారి పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి కుక్క మూలపడి ఉంది. వాంతులు. అన్నం ముట్టడం లేదు. నేను బస్సెక్కిన రోజు నుంచి, పాపమని, రెండు పూటలా ఎండు నెత్తళ్ల చేపలు పెట్టిందట అత్తగారు. డాక్టరు చూసి, ఇక చేసేదేమీ లేదన్నాడు.

ఇంటికి తెచ్చాక ఆవిడ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇవాళ కడిగి పారేద్దామనే దగ్గరకి వెళ్లాను. ఆవిడ తలెత్తి, కళ్లనిండా నీళ్లతో, నిజంగానే తెలియనట్టు అడిగింది:

"ఇంత జబ్బని నాకు ముందే సెప్పొచ్చు కదే?"