ఇంకొకరికి జాగ

మగ్గాల మిల్లుల మధ్య బమ్రోలిలో మా పక్క గదిలో ఉండే పరుశురాం అన్నకు ఒకటే పిచ్చి. ఎక్కడైనా నలుగురు కూర్చుని ఉంటే, ఐదో మనిషిని ఇరికించందే ఆయన ప్రాణం ఊరుకోదు.

గుడిలో అన్నదానం పంక్తి నిండిపోయి పప్పు వడ్డిస్తున్నా సరే, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని "జర జరుగుండ్రి" అంటూ వచ్చేస్తాడు. అలా అందరూ జరిగీ జరిగీ, ఒకసారి చివరనున్న వెంకటవ్వ విస్తరితో సహా గుమ్మం బయట తేలింది. ఒక పెళ్లి ఫోటోలోనైతే ఆయన ఇరికించిన జనం మధ్య పెళ్లికొడుకు చెవి ఒక్కటే కనబడింది. అయినా ఎవరూ తిట్టరు. నిలబడ్డవాణ్ణి కూర్చోబెట్టడం కూడా దేవుడి సేవే కదా.

ఈ ఏడు మా గల్లీలో మగ్గాలు నడిపే సోమలింగం కూతురు మంగ పన్నెండో తరగతి పాసై కాలేజీలో సీటు తెచ్చుకుంది. కాలేజీ మిల్లులకు అవతల. ఆ వేళకు మా గల్లీ నుంచి పోయేది ఒకటే షేర్ ఆటో, అది మిల్లు మనుషులతోనే నిండిపోతుంది. సోమలింగానికి చదువు మాన్పించే సాకు దొరికింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించమన్నాడు. మంగ అన్నం మానేసింది, కాలేజీ మొదటి రోజు పొద్దున్నే సంచి తగిలించుకుని ఆటో దగ్గరికి వచ్చి నిలబడింది.

"అందరు కాలేజీకే పోతే మగ్గాలెవలు నడుపుతరే?" అన్నాడు సోమలింగం ఆటోలోంచి.

ఆటోలో ఆయన పక్కనే కూర్చున్న పరుశురాం అన్నాడు: "ముందుగాల జాగ చేద్దాం తమ్మీ. ఎక్కినంక ఎవలేమైతరో వాళ్లిష్టం. నువ్వు జర జరుగు."

ఏళ్ల అలవాటు. కోపంలో ఉండి కూడా సోమలింగం జరిగాడు. జరిగాక గానీ ఎవరి కోసం జరిగాడో ఆయనకు తెలియలేదు.

గుజరాతీ డ్రైవర్ మాత్రం "కాకా, జగ్యా నథీ", జాగ లేదని ఇంజిన్ ఆపేశాడు. పరుశురాం కిందికి దిగాడు. తనను డాక్టర్ రోజూ నడవమన్నాడని చెప్పి, తన జాగలో మంగను ఎక్కించి మిల్లు దారి పట్టాడు.

మర్నాటి నుంచి సోమలింగమే గొణుక్కుంటూ కూతురికి జాగ ఆపుతున్నాడు. పరుశురాం అన్న నడుస్తూనే ఉన్నాడు, ఆలస్యానికి మిల్లు సేఠ్ చేత మాటలు పడుతూనే ఉన్నాడు. వానలు పడ్డాయి. ఒకరోజు నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని పోతుంటే ఆపి అడిగాను.

"వానల గూడ నడువుమన్న ఆ డాక్టర్ ఎవలన్నా?"

"ఆ డాక్టర్ ఇంక కాలేజీలనే ఉన్నది. మొన్ననే గద ఆటో ఎక్కింది."

మంగ చదివేది బీకాం. చేతిలో ఉన్న గొడుగు ఇచ్చి వచ్చాను.