ఒంటిమిట్టకని బయలుదేరి

మొన్న సాయంత్రం మా మనవరాలు ఫోన్ చూసుకుంటూ సోఫాలోంచి ఒక్క ఎగురు ఎగిరింది. దానికిష్టమైన ఫుట్‌బాల్ టీముకు ఈ వారంలో ఎవరితోనో పెద్ద ఆట ఉందట. "వాళ్ళ స్ట్రైకర్‌కు మోకాలు వాచిందంట అవ్వా, ఇంక గెలుపు మనదే!" అంది. ఆ 'మనం' ఏ దేశం వాళ్ళో నాకు తెలియదు. కానీ ఒకడి మోకాలు వాచిందని ఇంకొకరి ముఖం వెలగడం నేను ఇంతకు ముందు చూశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాఫీ కలిపే వంకన వంటింట్లోకి పోయాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి, ఊళ్ళో అద్దెకు గది దొరికేది కాదు, మా ఇంటి వీధి అరుగు మాత్రం ఎప్పుడూ ఫుట్‌బాల్ వాళ్ళదే. మాది ఆత్మకూరు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. మా ఆయన, ఆయన అన్న, అంటే మా బావ, కర్నూలులో వేరుశనక్కాయల మండీ పెట్టుకున్నారు. కాయల తూకం అయిపోయిందంటే ఇద్దరికీ లోకంలో మిగిలిన పని ఫుట్‌బాల్ ఒక్కటే. అలాగని ఇద్దరిలో ఎవరూ జన్మలో బంతి తన్నినవాళ్ళు కాదు. బావకు పొట్ట అడ్డం, మా ఆయనకు బద్ధకం అడ్డం. ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళకే రోషం ఎక్కువ. కాపురానికొచ్చిన కొత్తలో వాళ్ళ మాటలు వింటూ, సెంటర్ ఫార్వర్డ్ అంటే కొత్త సర్కారు తెచ్చిన ఉద్యోగం కాబోలు అనుకున్నాను.

ఆ ఏడు కడప టీముతో మా ఊళ్ళో ఆట కుదిరింది. కప్పూ లేదు, లీగూ లేదు, పేరుకు ఫ్రెండ్లీ మ్యాచ్. అయినా అరుగు మీద ఎవరికీ అన్నం సయించడం లేదు. కడపవాళ్ళు నంద్యాల వచ్చి అక్కడివాళ్ళను చిత్తు చేసి పోయారనీ, వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ బూట్లు లేకుండానే ఆడతాడనీ, వాడి కాలికి బంతి అంటుకునే ఉంటుందనీ ఒకటే చర్చ. వాడు బంతి తన్నేది ఎడమ కాలితోనని ఒకరు, కాదు కుడి కాలితోనని ఒకరు కండువాలు విదిలించి వాదించుకునేవారు, ఇద్దరూ చూసినవాళ్ళు కాదు. చివరికి బావ తేల్చాడు. "ఈడ కూసోని తెలుసుకునేదేముండాదప్పా? పోయి సూసొస్తే సరిపాయ." అయితే మగవాళ్ళిద్దరు పోయి గ్రౌండ్ పక్కన నిలబడితే ఎవరైనా పసిగడతారు. వెంట ఆడమనిషి ఉంటే యాత్రికులనుకుంటారు. ఆ సంగతి నాకు చెప్పలేదు. "పెండ్లయినప్పటి నుంచి యాటికీ తీస్కపోలేదు గదా, ఒంటిమిట్టకు పోదాం పా," అన్నాడు మా ఆయన. నేను మురిసిపోయి పట్టుచీర పెట్టెలో సర్దుకున్నాను.

బస్సు కడపలో దింపేసరికి పొద్దు వాలుతోంది. కాసేపు చల్లగాలికి అలా నడుద్దామని నన్ను తీసుకుపోయి ఒక మైదానం గట్టున నిలబెట్టారు. కుర్రాళ్ళు దుమ్ములో బంతి ఆడుతున్నారు. వాళ్ళలో ఒకడు, సన్నగా పొడుగ్గా ఉన్నవాడు, బంతిని గట్టు దాకా తరుముకొచ్చి మమ్మల్ని చూసి ఆగాడు. "ఏ ఊరప్పా మీది?" అన్నాడు. "కర్నూలు దిక్కు. ఒంటిమిట్టకు పోతాండాం, రాములోరి దర్శనానికి," అన్నాడు బావ, కళ్ళు అరమూసి. "ఈ పొద్దు ఇంక బస్సు యాడుండాది? మా ఇంటికి రాండి, అక్క అలిసిపోయినట్టుండాది," అని ఆ అబ్బాయి నా చేతిలోని పెట్టె తీసుకున్నాడు. అందరూ చెప్పుకునే ఆ సెంటర్ ఫార్వర్డ్ అతనే.

వాళ్ళ అమ్మ పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. దేవుని దగ్గరికి పోయేవాళ్ళమని వినగానే ఆమె దాన్ని దించి పక్కింటికి పంపేసింది. పొయ్యి అలికి, మాకోసం వేరే చట్టిలో సంగటి కెలికింది, ఊరిబిండి నూరింది. ఆ ఇంట్లో అందరూ మాతోపాటు అదే తిన్నారు. నీసు లేనిదే ముద్ద దిగని మా బావ, పక్కింటి నుంచి పులుసు వాసన వచ్చినప్పుడల్లా గోడవైపు చూస్తూ తిన్నాడు. నాకు నవ్వొచ్చింది. అదే ఆ ప్రయాణంలో నేను నవ్విన చివరి నవ్వు.

తెల్లవారి నేను జడ వేసుకుంటుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఉంది. "మావోనికి ఎడమ మోకాలు శానా బాధ పెడ్తాండాదమ్మా. ఆముదం ఆకు కాపి కడ్తానే ఉండా. ఎవురికీ సెప్పొద్దంటాడు, సెప్తే ఆటకు తీసుకోరంట. కూతురు నిండు నెలల్తో ఉండాది, నేను ఇల్లిడిసి రాలేను. కర్నూల్లో ఆట లోపల ఇది రాములోరి పాదాల కాడ పెట్టు తల్లీ," అంది. కళ్ళకద్దుకుని రొంటిన దోపుకున్నాను. నాకు తోబుట్టువు దొరికినట్టనిపించింది.

బస్టాండులో మా ఆయన కర్నూలు టికెట్లు తీశాడు. "ఒంటిమిట్ట?" అన్నాను. "ఆట అయినాక పోదాంలే," అన్నాడు. అప్పటికి గాని నన్నెందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు. కాళ్ళావేళ్ళా పడ్డాను. ముడుపు తీసి చూపించాను. ఆ తల్లి ఎందుకిచ్చిందో చెబితేనైనా మనసు కరుగుతుందని, మోకాలి సంగతంతా చెప్పేశాను. అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు ముఖాలూ వెలిగాయి. "ఎడమదేనా? బాగా జ్ఞాపకం చేసుకో," అన్నాడు బావ. దారి పొడుగునా నేను కిటికీలోంచి బయటికే చూశాను. కట్టుకున్నవాణ్ణి చూసి సిగ్గుపడాల్సి రావడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే మా టీము కెప్టెన్ అరుగు మీదికి వచ్చాడు. ఆయన ఒక సాయిబు, మనిషి తక్కువ మాట్లాడేవాడు. బావ విషయం చెప్పి, "ఆ కాలి మీదికే పోండప్పా, పని అయిపోతాది," అన్నాడు. ఎట్లా తెలిసిందని ఆయన అడిగాడు. బావ గొప్పగా అంతా చెప్పాడు. నేను తలుపు వెనక ముడుపు పట్టుకుని నిలబడి వింటున్నాను. కెప్టెన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ యమ్మ అది దేవునికి సెప్పుకున్న మాట అన్నా. మీకు సెప్పింది కాదు," అన్నాడు. లేచి చెప్పులేసుకుని, "మావోళ్ళెవరూ ఆ కాలి దిక్కు పోరు," అని వెళ్ళిపోయాడు. ఆ టీ అలాగే చల్లారిపోయింది. అన్నదమ్ములు ఆ పూట భోజనానికి లేవలేదు.

ఆట రోజు నేనూ వస్తానన్నాను, ఎవరూ వద్దనలేదు. జట్కాలోనే కూర్చుని చూశాను. మా వాళ్ళు ఆ కుర్రాడికి ఎడమవైపు నుంచి ఒక్కసారీ మీద పడలేదు. జనానికేం తెలుసు? "అడ్డం పడరేమప్పా, వాడు మీ అల్లుడా?" అని కెప్టెన్‌ను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన తలెత్తలేదు. తెలిసిన ఇద్దరూ నా పక్కన నోరు మూసుకుని కూర్చున్నారు. కడప గెలిచింది, గెలిపించిన గోలు ఆ కుర్రాడిదే.

ఆట ముగిశాక అతను మమ్మల్ని గుర్తుపట్టి పరుగున వచ్చాడు. వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. "మా యమ్మ ముడుపు రాములోరికి అందిందక్కా! కాలు నొప్పనేదే తెలీలేదు. మా యమ్మకు పోతానే సెప్తా," అన్నాడు. రొంటిన ఉన్న ఆ ముడి నా ఒంటికి ఒత్తుకుంటూనే ఉంది. అప్పుడే నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా బావ, "అంతా రాములోరి దయప్పా," అనేశాడు. దూరంగా మా కెప్టెన్ ఒక్కడే చెప్పులు వెతుక్కుంటున్నాడు. అబ్బాయి ఆయనవైపు చూడను కూడా లేదు.

మరుసటి రోజు మా ఆయన నేను అడక్కుండానే నన్ను ఒంటిమిట్టకు తీసుకుపోయాడు. గుళ్ళో ముడుపు విప్పి స్వామి ముందు పెట్టాను, కాని అడగడానికి ఏమీ మిగల్లేదు. తిరుగుదారిలో బస్సు కడపలో ఆగింది. ఆ ఇల్లు అక్కడికి దగ్గరే. ఇద్దరం దిగలేదు. తర్వాత ఆ దారిన ఎన్నిసార్లు పోయామో, ప్రతిసారీ ఇంకోసారి దిగి నిజం చెబుదామనుకున్నాం. ఇంకోసారి, ఇంకోసారి అనుకుంటూనే మా ఆయన కూడా వెళ్ళిపోయాడు. మాది కాని దండం ఒకటి మాదగ్గరే ఉండిపోయింది, దాన్ని తిరిగిచ్చే వేళే ఇంత పొడుగు జీవితంలో నాకు దొరకలేదు.