మేకు కొట్టనివ్వని ఇల్లు

మొన్న మా ఇంటికి రంగులు వేయించాం. ముందుగదిలో సామాను బయట పెట్టించి, గోడకు వేలాడుతున్న మా మామగారి విల్లును దించి మంచం మీద పడుకోబెట్టాక, రంగుల మేస్త్రి గోడ నడుమ మిగిలిన లావుపాటి మేకును చూపించి, "అమ్మా, దీన్ని పీకేసి లప్పం పెట్టేయమంటారా? ఇటువైపు మళ్లీ రేట్లు లేస్తున్నాయంట. గోడ నున్నగా ఉంటే కొనేవాళ్ల కంటికి బాగుంటది" అన్నాడు. పాపం, అతను మంచికే అడిగాడు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లాను గానీ, పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా నాకు ధ్యాసే లేదు.

విల్లంటే బాణాలు వేసేది కాదు, దూది ఏకేది. మాది పర్చూరు. మా అత్తా మామలు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ, పిలిచినవాళ్ల వాకిట్లో కూర్చుని, గడ్డకట్టిన పాత పరుపులు విప్పి దూది ఏకి మళ్లీ కుట్టి ఇచ్చేవారు. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో తెల్లవారుతూనే ఆ నారి టంగుటంగుమని మోగేది. జుట్టు నిండా దూది అంటుకుని మా అత్త పగలంతా ముసలిదానిలా కనిపించేది, సాయంత్రం తలంటుకుని వస్తే మళ్లీ పడుచయ్యేది. తర్వాత ఫోమ్ పరుపులు వచ్చాయి, మామగారు పోయారు, విల్లు గోడెక్కింది. మా ఆయన ఆ పని నేర్చుకోలేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా కుదిరి నన్నూ పిల్లలనూ తీసుకొచ్చేశారు. అద్దింట్లో నేను జాకెట్లు కుట్టేదాన్ని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టకముందే చొక్కాకు పట్టిన ఘాటుకు పిల్లలు తుమ్మేవారు, అందుకని మా ఇంట్లో ఎవరికీ గడియారం చూడాల్సిన అవసరం ఉండేది కాదు.

రాజధాని వస్తుందన్న మాట పుట్టిన రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. అంతవరకు యార్డులో టీ బంకు దగ్గర కాయ రంగు గురించీ తేమ గురించీ మాట్లాడుకునేవాళ్లంతా ఒక్కసారిగా గజాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మంగలి షాపులో గజాలే, పెళ్లి పంక్తిలో గజాలే, ఆఖరికి చావింటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నా గజాలే. మా ఆయనకూ పూనకం వచ్చింది. నల్లపాడు దగ్గర కొత్తగా కట్టి అమ్ముతున్న ఇళ్లలో ఒకటి చూసి వచ్చారు. బ్యాంకు లోను ఇస్తుంది గానీ ముందు మన చేతిలోంచి కొంత కట్టాలి. మన చేతిలో ఏముంది? పర్చూరులో మా అత్త ఉంటున్న పెంకుటిల్లు తప్ప.

అత్త ఒప్పుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు, ఆమెకు కొడుకు మాటంటే వేదవాక్కు. ఒక్కటే అడిగింది, ఈ విల్లు ఎక్కడ పెడతావురా అని. "కొత్తింట్లో ముందుగదిలో, వచ్చినవాళ్లకి ఎదురుగా తగిలిద్దాంలే అమ్మా" అన్నారు ఈయన. ఆ ఒక్క మాట మీద ఆమె తన ఇల్లు అమ్మి డబ్బు కొడుకు చేతిలో పెట్టి, విల్లును పాత చీరలో చుట్టుకుని మాతో గుంటూరు బస్సెక్కింది.

కొత్తింట్లో పాలు పొంగించాం, ఫాతిహా చదివించాం, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టాం. నేను చీపురు పట్టుకుని ఇల్లు సర్దుకుందామని చూసేసరికి మా ఆయన తలుపులకు తాళం వేస్తున్నారు. అందరం మళ్లీ అద్దింటికే పోవాలట! అసలు సంగతి అప్పుడు చెప్పారు. ఆ ఇల్లు ఉండటానికి కాదట, రేటు వచ్చాక అమ్మడానికట. అమ్మి బ్యాంకు బాకీ తీర్చేసి, మిగిలినదానితో ఊళ్లోనే అప్పులేని ఇల్లు కొంటారట. కాపురం పెడితే గోడలు మాస్తాయి, పాతదైపోతుంది. విల్లు సంగతేంటని అత్త అడిగితే, మేకు రంధ్రం కనపడిందంటే కొనేవాడు తరుగు తీస్తాడు, కొన్నాళ్లు ఓపిక పట్టమన్నారు.

ఇది నా మొగుడొక్కడి తెలివి అనుకునేరు, మిరపకాయల మధ్య బతికే మా ప్రాంతం తెలివే అంత. ధర లేనప్పుడు రైతు తన బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. మూట విప్పడు, ముట్టుకోడు, రేటు వచ్చేదాకా చూస్తాడు. ఒక్కోసారి వస్తుంది. ఒక్కోసారి ఉన్నదీ పడిపోయి, అద్దె పెరిగి, కాయ రంగు తగ్గి, రైతు తల పట్టుకుని కొట్టు ముందు కూర్చుంటాడు. అలాంటివాళ్లకు ఎందరికో మంచినీళ్లిచ్చి ఓదార్చిన మనిషి, తన దాకా వచ్చేసరికి ఇంటిని కూడా మిరప బస్తాను చేసి తాళం వేశాడు!

అలా ఒక చేత్తో అద్దె కడుతూ, ఇంకో చేత్తో బ్యాంకు కిస్తీ కడుతూ కొన్నేళ్లు గడిచాయి. ఇక్కడి అద్దింట్లో ఇంటిగలామె మేకు కొట్టనివ్వదు, అక్కడి సొంతింట్లో కొడుకు కొట్టనివ్వడు. విల్లు అత్త మంచం కిందే ఉండిపోయింది. శుక్రవారం శుక్రవారం ఆమె ఆటోలో నల్లపాడు వెళ్లి, తాళం తీసి, ఎవరూ తిరగని ఇల్లు ఊడ్చి వచ్చేది.

ఇంతలో రాజధాని మాట అటూ ఇటూ అయింది, భూముల రేట్లు దిగిపోయాయి. నిన్నటిదాకా ఫోన్లు చేసి విసిగించిన బ్రోకర్లు ఈయన ఫోను ఎత్తడం మానేశారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు. ఎవరో ఒకాయన వచ్చి చెప్పిన ధర వింటే, ఇల్లు అమ్మినా బ్యాంకుకు ఇవ్వాల్సినది పూర్తిగా తీరదు. అంటే ఇల్లూ పోతుంది, బాకీ కూడా కొంత మెడకు చుట్టుకునే ఉంటుంది. కిస్తీలు తప్పాయి. బ్యాంకువాళ్లు ఇంటికి వచ్చి మర్యాదగానే మాట్లాడి వెళ్లారు, ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయం వేసింది. మా ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవారు, తినేవారు కాదు. ఒకరోజు, తాళాలు తీసుకెళ్లి బ్యాంకులో పడేసి వస్తాను, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు అన్నారు. పక్కగదిలో ఉన్న అత్త ఆ మాట విన్నది. తన ఇల్లమ్మిన డబ్బంతా ఆ తాళంచెవిలోనే ఉందని ఆమె ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

తర్వాతి శుక్రవారం వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. కంగారుపడి మేమిద్దరం పోయేసరికి వీధి చివరికే దబదబమని చప్పుడు వినిపిస్తున్నది. అత్త స్టూలెక్కి, రోట్లో పచ్చడి నూరుకునే బండతో, ముందుగది గోడకు మేకు దిగ్గొడుతున్నది! పెచ్చులు రాలి నేలంతా సున్నం. పరుపు చుట్ట ఒక మూల ఉన్నది, విల్లు గోడకు ఆనించి ఉన్నది. మా ఆయన నెత్తి కొట్టుకున్నారు. ఆమె చెయ్యి ఆపలేదు.

"ఒరేయ్, అమ్మే కాయలు వేరు, తినే కాయలు వేరు. ఇల్లు తినే కాయరా. అమ్ముడుపోయిన రోజు వచ్చి లేపు, లేచిపోతా. అప్పటిదాకా నేనిక్కడే పడుకుంటా."

ఈయన పెచ్చులూడిన గోడ కేసి చూసి, కొనేవాడి కోసం దాచిన నునుపు ఎలాగూ పోయిందనుకున్నారో ఏమో, స్టూలు కదలకుండా పట్టుకున్నారు. విల్లును మాత్రం ఆయనే తగిలించారు.

ఆ నెలాఖరుకు అద్దిల్లు ఖాళీ చేశాం. అద్దెకు పోయే డబ్బు కిస్తీకి వెళ్లింది. ఈయన తాళాలకు బదులు తనను తాను తీసుకుని బ్యాంకుకు వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పుకుంటే, వాయిదాలు పొడిగించి కిస్తీ తగ్గించారు. నేను ముందుగదిలో మిషను వేశాను. ఇల్లు విలువ పెరగలేదు, అప్పు ఒక్కసారిగా తరగలేదు, అయినా ఆయన అన్నం తినడం మొదలుపెట్టారు.

మా వీధిలో అందరిదీ అదే కథ. రేటు మీదున్నప్పుడు కొని, కింద పడ్డాక ఇరుక్కున్నవాళ్లమే. అందుకేనేమో, ఎవరూ చెప్పకుండానే ఒక మర్యాద పుట్టింది. ఎవరూ ఎవరినీ మీరెంతకు కొన్నారని అడిగేవారు కాదు. డాబాల మీద పక్కపక్కనే ఒడియాలు పెట్టుకునేవాళ్లం, ఊరగాయలు పంచుకునేవాళ్లం, ఒకరింట్లో కిస్తీకి తక్కువైతే ఇంకొకరు చీటీ పాట వదులుకునేవారు. రంజాన్ నెలలో అత్త సేమియా పాయసం వండితే వీధి చివరిదాకా గిన్నెలు వెళ్లేవి, సంక్రాంతికి ఆ గిన్నెలే అరిసెలతో తిరిగి వచ్చేవి. ఇళ్లకు ధర లేని ఆ రోజుల్లో మనుషులకు ఎంత విలువ ఉండేదో ఇప్పుడనిపిస్తుంది.

పోయిన నెల ఆఖరి కిస్తీ కట్టేశాం. అది చూడటానికి మా అత్త లేదు. రెండేళ్ల కిందట ఆ ముందుగదిలోనే, ఆ విల్లు కిందే కన్నుమూసింది. అమ్ముడుపోయిన రోజు లేపమన్నది, లేపాల్సిన పని ఎవరికీ రాలేదు. ఆమె బతికి ఉండగా అప్పు తీర్చలేకపోయామన్న దిగులు నాకు పోదు.

ఇప్పుడు వీధిలో మళ్లీ గజాల మాట మొదలైంది. నిన్నటిదాకా గిన్నె పంపిన పొరుగింటామె నన్ను గేటు దగ్గర ఆపి, మీకెంత చెబుతున్నారు అని అడిగింది. కూర ఏం వండావని అడగలేదు.

టీ తీసుకుని నేను ముందుగదిలోకి వచ్చేసరికి మా ఆయన మేస్త్రితో ఏదో చెబుతున్నారు. మేకు జోలికి పోవద్దు, దాని చుట్టూ వెయ్యమన్నారట. సాయంత్రానికి గోడకు రంగు వేయడం పూర్తయింది. ఆరేదాకా ఆగండి, అంటుకుంటుందని మేస్త్రి మొత్తుకుంటూనే ఉన్నాడు. ఈయన వినలేదు. ఖాళీ గోడ చూడలేనన్నట్టు విల్లు ఎత్తి తగిలించేశారు. తెల్లారి చూస్తే పచ్చి రంగులో విల్లంత పొడుగున మచ్చ పడి ఉన్నది. దానికి కొనేవాడు ఎంత తరుగు తీస్తాడో, జన్మంతా యార్డులో తరుగులు లెక్కగట్టిన మనిషి ఇంతవరకు లెక్క వెయ్యలేదు.